అమ్మ వయసు 92 ఆ, 94 ఆ? సంవత్సరీకం కార్డు మీద ఏం వేయించాలి?

కంచరపాలెం_కుర్రోడు:
అందరికీ నమస్కారం. పేరు చూసి మోసపోకండి, నాకు 69. ఈ ఖాతా తెరిచినప్పుడు మా అమ్మాయి సరదాకి పెట్టింది, మార్చడం నాకు చేతకాలేదు.

విషయం ఏంటంటే, మా అమ్మ ఈ ఏడాది, 2025 జనవరిలో ముక్కనుమ నాడు పోయింది. తిథి ప్రకారం సంవత్సరీకం ఈసారి సంక్రాంతికి ముందే వస్తోంది, కార్డులు కొట్టించాలి, వయసు దగ్గర ఆగిపోయాం. మా అప్ప, అంటే అక్క, 92 వెయ్యమంటుంది, ఎందుకంటే డెత్ సర్టిఫికెట్లో అదే ఉంది, ఆధార్లో అదే, నాన్నగారి రైల్వే ఫ్యామిలీ పెన్షన్ కాగితాల్లో అదే. 1-7-1932. జూలై ఒకటి అనగానే తెలిసిపోతుంది కదా, ఎవరో గుమస్తా వేసిన తేదీ అని. ఆ రోజుల్లో సగం దేశం జూలై ఒకటినే పుట్టింది. అమ్మ మాత్రం బతికున్నన్నాళ్ళూ ఒకటే లెక్క చెప్పేది, "బాంబులు పడ్డప్పుడు నాకు పన్నెండో ఏడు" అని. అవి 1942లో మన విశాఖ మీద పడ్డవి, ఆ లెక్కన 94.

రెండేళ్ళకి ఇంత గొడవేంటి అంటారేమో. ఫ్యామిలీ పెన్షన్‌లో 80 నిండితే 20 శాతం, 85కి 30, 90కి 40 అదనంగా ఇస్తారు. ఆవిడ ప్రతిసారీ రెండేళ్ళు లేటుగా అందుకుంది. "నన్ను చిన్నదాన్ని చేసి డబ్బులు మిగుల్చుకున్నార్రా" అని నవ్వేది. ఇప్పుడు కార్డు మీద కూడా ఆ గుమస్తా మాటే నెగ్గడం నాకు ఇష్టం లేదు.

డబుల్‌రోడ్_ఎంవీపీ:
సార్, తప్పుగా అనుకోకండి. 92 అయినా 94 అయినా పూర్ణాయుష్షే కదా, సర్టిఫికెట్లో ఉన్నదే వేసేయండి, రేపు ఆస్తి కాగితాల దగ్గర తేడా రాకుండా ఉంటుంది. నిండుగా బతికి మనవల చేతుల్లో పోయారు, ఇంకేం కావాలి. మా అమ్మ 58కే పోయింది.

సాగర్‌నగర్_సుబ్బి:
కార్డుకీ ఆస్తి కాగితాలకీ సంబంధం ఏంటండీ బాబూ. భోజనానికి వచ్చేవాళ్ళకి ఇచ్చే కార్డు అది, రిజిస్ట్రారుకి ఇచ్చేది కాదు.

కంచరపాలెం_కుర్రోడు:
డబుల్‌రోడ్ గారూ, మీ అమ్మగారి సంగతి చదివి బాధేసింది. కానీ ఆ "ఇంకేం కావాలి" అన్నమాట పదకొండు రోజులూ విన్నానండి. వచ్చినవాళ్ళంతా అదే అన్నారు, పండుటాకు రాలింది, పెళ్ళిలా చెయ్యాలి, ఏడవకూడదు అని. ఒకాయన అయితే కాఫీ తాగుతూ "లక్కీ ఫెలోవి" అన్నాడు. నేనూ తలూపాను. కాదనడానికి ఏముంది, వాళ్ళన్నది నిజమే. కానీ ఒక్క విషయం ఎవరికీ తట్టలేదు, 58కి పోయిన తల్లితో ముప్ఫై ఏళ్ళు గడిపినవాడికి అమ్మ లేకుండా బతకడం తొందరగా అలవాటవుతుందేమో. నాకు 68 ఏళ్ళ అలవాటు. ఇప్పుడు కొత్తగా నేర్చుకోమంటే ఏం నేర్చుకుంటాను? మొన్న కరెంటు పోతే "అమ్మా, లేవకు, కొవ్వొత్తి తెస్తున్నా" అని గట్టిగా అరిచాను. మా ఆవిడ ఏమీ అనలేదు, కొవ్వొత్తి తనే తెచ్చింది.

డబుల్‌రోడ్_ఎంవీపీ:
సారీ సార్. నేను అలా ఆలోచించలేదు.

సోల్జర్‌పేట_పాతకాపు:
బాంబుల లెక్క నమ్మకమైనదే సార్, దానికి నేను సాక్ష్యం ఇస్తాను. మా నానమ్మ కూడా ఆ రోజు గురించి చెప్పేది, "ఈస్టర్ మర్నాడు" అనేది. మేము చర్చికి వెళ్ళేవాళ్ళం కాబట్టి ఆవిడకి అలా గుర్తు. 1942లో ఈస్టర్ ఏప్రిల్ 5, జపాన్ విమానాలు మన హార్బర్ మీద బాంబులు వేసింది ఏప్రిల్ 6 సోమవారం. అదే రోజు కాకినాడ మీద కూడా వేశారు. పట్నం ఖాళీ అయిపోయిందట, ఎవరికి ఎక్కడ చుట్టాలుంటే అక్కడికి బళ్ళ మీద, నడిచి పోయారు. ఆదివారం పండక్కి వేసుకున్న కొత్త గౌను తోనే నానమ్మ విజయనగరం దాకా వెళ్ళిందట, నెల్లాళ్ళకి తిరిగొచ్చేసరికి ఆ గౌను గుడ్డపీలికలు. పోర్టు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్ళు కూడా నిండలేదు.

అంచేత ఆవిడకి అప్పుడు పన్నెండో ఏడు నడుస్తుంటే పుట్టింది 1930-31లో. 1932 అయితే తొమ్మిదేళ్ళ పిల్ల. తొమ్మిదేళ్ళకీ పన్నెండేళ్ళకీ తేడా ఆ పిల్లకి తెలీదా?

బీచ్‌రోడ్_బైకర్:
వైజాగ్ మీద బాంబులు పడ్డాయా!! నాకు కుర్సురా సబ్‌మెరైన్, ఘాజీ మాత్రమే తెలుసు.

సోల్జర్‌పేట_పాతకాపు:
ఘాజీ అనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఇక్కడ మునిగింది 1971లో తమ్ముడూ, అది వేరే యుద్ధం. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు, ఉంటే ఇప్పుడే అడుగు.

కంచరపాలెం_కుర్రోడు:
1971 నాకు బాగా గుర్తు, పదిహేనేళ్ళు. కిటికీలకి నల్ల కాగితాలు అంటించాం, బల్బుకి కూడా చుట్టాం. ఆ రాత్రి సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు వస్తే అందరూ వీధిలోకి వచ్చారు, అమ్మ మంచం మీదే లేచి కూర్చుని "మళ్ళీనా" అంది. అంతే, పడుకుంది. తెల్లారాక బియ్యం డబ్బా, పప్పుల డబ్బా బయటికి తీసి ఎన్నాళ్ళకి వస్తాయో లెక్క చూసింది. భయం అంటే ఆవిడకి సామాను లెక్క చూసుకోవడమే.

1966లో ఉక్కు ఉద్యమం అప్పుడు మా అన్నయ్య కాలేజీ కుర్రాడు. ఊరేగింపులకి పోతానని రోజూ గొడవ. నవంబరు 1న పొద్దున్నే అమ్మ ఏమీ అనకుండా వాడి చొక్కాలన్నీ, ఒంటి మీదున్నది తప్ప, బకెట్లో నానేసింది. ఆ ఒక్కటీ కూడా మాసిపోయిందని విప్పించింది. బనీనుతో ఊరేగింపుకి పోవడానికి వాడికి నామోషీ. ఆ రోజే పోలీసు కాల్పులు. అన్నయ్య ఆర్నెల్లు అమ్మతో సరిగా మాట్లాడలేదు, ఉద్యమంలో లేకుండా చేసిందని. తర్వాత అదే వాడు పిల్లలకి ఈ బకెట్ కథ చెప్పి తెగ నవ్వించేవాడు.

జాలరిపేట_అల:
మా అమ్మ కూడా 90 దగ్గర్లో పోయిందండి, మాకు ఆ జూలై ఒకటి కూడా లేదు, ఓటరు కార్డులో ఒక వయసు, రేషన్ కార్డులో ఒకటి. మా అమ్మ అడ్డపొగ చుట్ట తాగేది. తెలీనివాళ్ళకి చెప్తున్నా, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగడం. రేవులో గాలికి చుట్ట ఆరిపోకుండా, నెత్తి మీద తట్ట ఉంటే బూడిద మీద పడకుండా అలా అలవాటు చేసుకున్నారు అంటారు. తెల్లారుజామున వేలంలో చేపలు పాడుకుని, తట్ట ఎత్తుకుని నడుచుకుంటూ పోయేది, మాట్లాడేటప్పుడు కూడా చుట్ట తీసేది కాదు, లోపల ఎర్రగా వెలుగుతుంటే మేము చిన్నప్పుడు అమ్మ నోట్లో దీపం ఉంది అనుకునేవాళ్ళం. పళ్ళ డాక్టర్ల క్యాంపులో అంగిట్లో మచ్చలు చూసి మానెయ్యమన్నారు. "ఎనభయ్యేళ్ళకి ఏటి మానేది బాబూ, నువ్వు పుట్టకముందు నుంచీ ఇది ఎలుగుతోంది" అంది ఆ కుర్ర డాక్టరుతో.

ఎవరూ అది చూసి నేర్చుకోకండి, మా పిన్నికి అదే క్యాన్సర్ అయింది. కానీ ఇప్పటికీ ఎక్కడైనా చుట్ట వాసన వస్తే నాకు ముందు అమ్మే గుర్తొస్తది, క్యాన్సర్ కాదు.

నెవార్క్_నుంచి_నేను:
మా నాన్నమ్మ 91కి పోయింది, అమ్మ 86కి. ఇద్దరినీ ఫోన్‌లోనే చూశాను, జ్ఞానాపురం శ్మశానంలో మా బావమరిది ఫోన్ పట్టుకున్నాడు, ఎండకి తెర కనపడలేదు. ఇంతకంటే రాయలేను. మీ థ్రెడ్ చదువుతున్నాను అన్నయ్యగారూ, ఆపకండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
కుర్రోడు గారూ, చివర్లో అమ్మగారికి జ్ఞాపకం బాగానే ఉండేదా? ముప్ఫై ఏళ్ళు వార్డుల్లో పనిచేశాను, అందుకే అడుగుతున్నా. అంత వయసులో కొందరికి నిన్నటిది పోతుంది, ఎనభై ఏళ్ళ కిందటిది మాత్రం ఇందాకే జరిగినట్టు చెప్తారు. బాంబుల లెక్క ఆవిడ ముందు నుంచీ చెప్పేవారా, చివర్లోనేనా?

కంచరపాలెం_కుర్రోడు:
ముందు నుంచీ చెప్పేది సిస్టర్. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పటికి కూడా మనిషి చాలా గట్టిగా ఉంది. తుపానుకి ముందు రాత్రి ఇంట్లో ఉన్న ప్రతి గిన్నె నీళ్ళతో నింపింది, గుండిగ, బిందెలు, కుక్కరు, చివరికి దేవుడి దగ్గర పంచపాత్ర కూడా. మేమంతా నవ్వాం. మధ్యాహ్నం గాలి ఒక్కసారి ఆగిపోతే పక్కవాళ్ళు పడ్డ చెట్లు చూడ్డానికి బయటికి పోయారు, అమ్మ గుమ్మంలోంచి కేకలేసింది, "రండర్రా లోపలికి, రెండోపక్క గాలి ఇంకా రాలేదు". అన్నట్టుగానే వచ్చింది, ఎదురు దిక్కు నుంచి. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయి లేదు. ఆ నీళ్ళు పొదుపుగా వాడుకున్నాం. పంచపాత్రలో నీళ్ళు నేనే తాగాను, సిగ్గుపడుతూ.

జ్ఞాపకం పోవడం చివరి రెండేళ్ళలో మొదలైంది. అది రాయాలా వద్దా అని నిన్నట్నుంచి ఆలోచిస్తున్నా.

సాగర్‌నగర్_సుబ్బి:
రాయండి సార్. కావాలంటే తర్వాత తీసేద్దురు గాని.

కంచరపాలెం_కుర్రోడు:
సరే.

నన్ను మా మావయ్య అనుకోవడం మొదలుపెట్టింది. మావయ్య అంటే అమ్మకి తమ్ముడు, ఎనిమిదేళ్ళు చిన్న, పోయి పదిహేనేళ్ళు దాటింది. మొదట్లో "అమ్మా, నేను నీ కొడుకుని" అని చెప్పేవాణ్ని. చెప్పినప్పుడల్లా మావయ్య ఏడని అడిగేది, పోయాడని చెప్తే అప్పుడే విన్నట్టు ఏడ్చేది. ఒకే మనిషి చావు వారానికి మూడుసార్లు వినడం ఎవరికి కావాలి? అందుకని మానేశాను. "ఏటప్పా" అని పలికేవాణ్ని. మావయ్య అమ్మని అప్ప అనేవాడు, నేను మా అక్కని అప్ప అంటాను, అంచేత నోరు తిరిగింది.

ఒక సాయంత్రం చెయ్యి పట్టుకుని దగ్గరకి లాక్కుని, గొంతు తగ్గించి, "ఒరే, నాయనతో చెప్పనంటే ఒకటి చెప్తాను" అంది. చెప్పనన్నాను.

బాంబులు పడ్డ మర్నాడు వీళ్ళు కోటవీధిలోంచి బయల్దేరి పెందుర్తి వైపు పోతున్నారు. బండి మీద సామానూ ముసలివాళ్ళూ, మిగతావాళ్ళు నడక. నాలుగేళ్ళ మావయ్యని ఎత్తుకునే పని అమ్మది. ఇంతవరకూ మాకందరికీ తెలిసిన కథే, మా ఇంట్లో ప్రతి పండక్కీ చెప్పుకునేదే. దారిలో చింతచెట్టు కింద వాణ్ని దించి చెప్పు సర్దుకుని, బండి దూరం అయిపోతుందన్న కంగారులో వాణ్ని మర్చిపోయి పరిగెత్తింది, మైలు దూరం పోయాక అమ్మమ్మ "గుంటడేడే" అంటే తాతయ్య వెనక్కి పరిగెత్తాడు, వాడు చెట్టు కింద కూర్చుని చింతకాయలు చీక్కుంటున్నాడు. మావయ్య కూడా "నన్ను చింతకాయలకి అమ్మేసింది మా అప్ప" అని నవ్వేవాడు.

ఆ సాయంత్రం అమ్మ చెప్పింది ఇది: "మర్చిపోలేదురా. బరువుగా ఉన్నావు. చేతులు పడిపోతున్నాయి. మళ్ళీ ఇమానాలొస్తాయి అంటన్నారు. దించేసి ఎల్లిపోనాను. ఎనక్కి తిరిగి చూసాను కూడా."

పన్నెండేళ్ళు కూడా నిండని పిల్ల. ఎనభై ఏళ్ళ పాటు ఆ మాట లోపల పెట్టుకుని, పండక్కి అందరితో పాటు నవ్వింది.

నాకు ఏం అనాలో తెలీలేదు. మావయ్య అయితే ఏమనేవాడు అని ఆలోచించాను. "నాకేం గుర్తులేదప్పా, చింతకాయలు బావున్నాయి" అన్నాను. నా చెయ్యి వదలకుండానే నిద్రపోయింది. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

నెవార్క్_నుంచి_నేను:
🙏

ఉన్నదున్నట్టు_77:
నేనొకటి అడుగుతాను, తిట్టుకోకండి. ఆవిడ ఆ మాట చెప్పుకుంది తమ్ముడికి. మీరు తమ్ముడు కాదు. చనిపోయినవాడి తరఫున క్షమించే హక్కు మనకి ఉంటుందా? నేనైతే అబద్ధం ఆడేవాణ్ని కాదేమో.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
మీరు ఎప్పుడైనా రాత్రి రెండింటికి అలాంటి మనిషి పక్కన కూర్చున్నారా అండి? వాళ్ళని సరిదిద్దితే సరైపోరు, ఇంకా బెదిరిపోతారు. వాళ్ళు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరికి మనం వెళ్ళాలి, మేము కొత్తగా వచ్చిన పిల్లలకి అదే చెప్పేవాళ్ళం. ఆయన చేసింది సరైన పని.

ఉన్నదున్నట్టు_77:
వైద్యం ప్రకారం సరైనదే కావచ్చు మేడం. నేనడిగింది అది కాదు.

కంచరపాలెం_కుర్రోడు:
ఉన్నదున్నట్టు గారూ, మీ ప్రశ్న నేనూ వేసుకున్నాను, ఇంకా తేలలేదు. హక్కు లేదనే అనుకుంటున్నాను. కానీ ఆ గదిలో ఇంకెవరూ లేరు.

పూర్ణామార్కెట్_పంచాంగం:
ఇంత పెద్ద విషయం తర్వాత మళ్ళీ వయసు దగ్గరికి రావడం బాగోదేమో గానీ, కార్డు టైం దగ్గర పడుతోంది కదా. బాబూ, ఆ తరం వాళ్ళకి ఇంగ్లీషు సంవత్సరం తెలీకపోయినా నామ సంవత్సరం తెలుస్తుంది. మీ అమ్మగారు ఎప్పుడైనా ఫలానా నామ సంవత్సరంలో పుట్టాను అన్నారా? గుర్తు తెచ్చుకోండి.

కంచరపాలెం_కుర్రోడు:
గురువుగారూ! అన్నది! ఇన్నాళ్ళూ ఎలా తట్టలేదో. మా అమ్మాయి 1990 సెప్టెంబరులో పుట్టింది. ఆసుపత్రిలో చేతిలోకి తీసుకోగానే "నా సంవత్సరంలోనే పుట్టావే గుంటా" అంది. ఏదో ముద్దుకి అన్నదనుకున్నాం. నెల మార్గశిరం, అది ఖాయం, ఎందుకంటే కనకమహాలక్ష్మమ్మ నెలలో గురువారం పుట్టానని, అందుకే లక్ష్మి పేరు పెట్టారని ఎప్పుడూ చెప్పేది. బురుజుపేటలో కప్పు లేని ఆ అమ్మవారి దగ్గరికి ప్రతి ఏడూ మార్గశిరం గురువారాల్లో తెల్లవారుజామున వెళ్ళి క్యూలో నిలబడేది, తన చేత్తో పసుపు కుంకుమ వెయ్యాల్సిందే.

పూర్ణామార్కెట్_పంచాంగం:
ఇంకేం, తేలిపోయింది. 1990 ఉగాది నుంచి 1991 ఉగాది దాకా ప్రమోదూత. అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది కాబట్టి దానికి ముందుది 1930-31. మార్గశిరం అంటే 1930 నవంబరు చివర, డిసెంబరు. 1942 ఏప్రిల్‌కి పదకొండు నిండి పన్నెండో ఏడు నడుస్తోంది, ఆవిడ అన్నమాట అక్షరాలా సరిపోయింది. ఈ జనవరికి 94 నిండాయి. 1932 జూలై అయితే ఆంగీరస, మీ అమ్మాయి సంవత్సరం కాదు.

మామ్మకీ మనవరాలికీ సరిగ్గా ఒక చక్రం తేడా. మా ఇళ్ళల్లో అలాంటి పిల్లని ప్రత్యేకంగా చూస్తారు.

సోల్జర్‌పేట_పాతకాపు:
గుమస్తా ఓడిపోయాడు 😄

బీచ్‌రోడ్_బైకర్:
మా తాతమ్మని అడిగాను. 88 అంట. బాంబులు గుర్తులేవు గానీ వాళ్ళ అమ్మ చెప్పిందంట, పారిపోతూ తలుపు తాళం వెయ్యడం మర్చిపోయారంట, నెల తర్వాత వస్తే ఇంట్లో కుక్క పిల్లల్ని పెట్టిందంట. ఫోన్‌లో రికార్డ్ చేశాను, 40 నిమిషాలు. మధ్యలో నన్ను వేరే ఎవరో అనుకుని తిట్టింది, అది కూడా ఉంచాను.

డబుల్‌రోడ్_ఎంవీపీ:
సార్, నేను మొదట రాసింది తీసేద్దాం అనుకున్నా, కానీ ఉంచుతున్నా. మా అమ్మ పుట్టినరోజు కూడా జూలై ఒకటే. ఇన్నాళ్ళూ అదే నిజం అనుకుని ప్రతి ఏడూ ఆ రోజు అనాథాశ్రమంలో భోజనాలు పెట్టిస్తున్నా. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు.

జాలరిపేట_అల:
భోజనాలు తిన్నోళ్ళకి తేదీతో పనేటి తమ్ముడూ, పెట్టించు.

కంచరపాలెం_కుర్రోడు:
అందరికీ కార్డు సంగతి చెప్పి ముగిస్తాను. అప్పతో మాట్లాడాను. అసలు అంకె వెయ్యడమే మానేశాం. ఫొటో కింద "ప్రమోదూత మార్గశిరం నుంచి క్రోధి పుష్యం వరకు" అని వేయించాం. ప్రెస్సు కుర్రాడు రెండుసార్లు ఫోన్ చేశాడు, క్రోధి అంటే తిట్టులా ఉంది సార్, అచ్చుతప్పేమో చూసుకోండి అని. సంవత్సరం పేరు బాబూ అని చెప్పాను. మన వేదికలో ఎవరైనా రాదలచుకుంటే మెసేజ్ పెట్టండి, ఇంటి గుర్తులు పంపుతాను, ఆ రోజు భోజనం చేసి వెళ్ళాలి.

ఈ థ్రెడ్ అంతా మా అప్పకి చదివి వినిపించాను, కళ్ళు కనిపించట్లేదు తనకి. చింతచెట్టు దగ్గరకి వచ్చాక ఆపమంది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది, "మావయ్య మనింటికి వచ్చినప్పుడల్లా అమ్మ చారులో నిమ్మకాయే పిండేది గుర్తుందా? చింతపండు వాడికి పడదనేది. చింతపండు డబ్బా కూడా పై అరలో పెట్టేసేది." గుర్తుంది అన్నాను.

"వాళ్ళింట్లో మాత్రం మావయ్య చింతపండు పులిహోర రెండుసార్లు వడ్డించుకుని తినేవాడు కదరా" అంది.